పాత వంటిల్లు మార్పిస్తున్నారా? లేఅవుట్, స్టోరేజ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

వంటిల్లు మళ్లీ చేయించుకుందామనుకునేవాళ్లు తిరిగి తిరిగి అడిగే సందేహాలివి. ఎక్కువగా పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లవి. అంటే కడప రాయి గట్టు, దాని కింద రాతి అరలు, పైన సజ్జ, పక్కన చిన్న వాష్ ఏరియా. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది.

## మొదలుపెట్టే ముందు

ఇంటీరియర్ వాళ్లను పిలిచే ముందు మేం ఏం సిద్ధం చేసుకోవాలి?

సామాన్ల జాబితా. రంగులు, ఫొటోలు తర్వాత. ఉన్న గిన్నెలు, డబ్బాలు అన్నీ ఒకసారి కిందికి దించి మూడు గుట్టలు పెట్టండి: రోజూ వాడేవి, వారానికోసారి తీసేవి, పండగకో శుభకార్యానికో తప్ప ముట్టనివి. తర్వాత టేపు తీసుకుని పెద్దవాటి కొలతలు రాసుకోండి. కుక్కర్ మూత, విజిల్‌తో సహా ఎంత ఎత్తు, ఇడ్లీ పాత్ర ఎంత, గ్రైండర్ ఎంత, ఆవకాయ జాడీ ఎంత. షోరూంలో చూపించే డ్రాయర్లలో ప్లేట్లు, కప్పులు ముచ్చటగా సర్ది ఉంటాయి. మన కుక్కర్ పట్టని డ్రాయర్ ఎంత మెత్తగా మూసుకుంటే ఏం లాభం? మూడో గుట్టలో సగం ఎవరికైనా ఇచ్చేయొచ్చని చాలామందికి ఈ పని చేసినప్పుడే తెలుస్తుంది. అంతమేరకు అరల ఖర్చు తగ్గినట్టే.

వంట నేను చేస్తాను, అంట్లు పనమ్మాయి తోముతుంది. డిజైన్‌లో అది కూడా చూడాలా?

ముందు చూడాల్సింది అదే. అంట్లు వాష్ ఏరియాలో తోమించేటట్లయితే వంటింట్లో పెద్ద సింక్ అక్కర్లేదు. బియ్యం, కూరగాయలు కడుక్కోవడానికి 18 అంగుళాలది చాలు, మిగిలిన జాగా గట్టుకు కలిసొస్తుంది. అన్నీ వంటింట్లోనే తోమేటట్లయితే బాణలి, కుక్కర్ పడుకోబెట్టినా పట్టే ఒకే పెద్ద తొట్టి తీసుకోండి. రెండు చిన్న తొట్ల సింక్ చూడ్డానికి బాగుంటుంది గానీ పెద్ద గిన్నె రెండింటిలోనూ పట్టదు. తోమినవి ఎక్కడ ఆరతాయి, అక్కడి నుంచి ఎవరు సర్దుతారు అన్నది కూడా ఇప్పుడే అనుకోండి. పొద్దున మీరు టిఫిన్ చేస్తుంటే మీ వెనక నుంచే ఆ అమ్మాయి అటూ ఇటూ తిరగాలంటే, మధ్య దారి మూడున్నర అడుగులైనా ఉండాలి.

కడప రాయి అరలు గట్టిగానే ఉన్నాయి. పగలగొట్టాల్సిందేనా?

అక్కర్లేదు. రాతికి చెద పట్టదు, నీళ్లకు ఉబ్బదు. బాగున్న రాయిని పగలగొట్టించి ఆ చోటే చెక్క డబ్బాలు పెట్టించుకోవడం నాకైతే నచ్చదు. నిలువు రాళ్లు ఉంచి, మధ్యలో అడ్డంగా ఉన్న పలక తీసేసి, రెండు పక్కలా చెక్క పట్టీలు బిగిస్తే డ్రాయర్లు జారే పట్టాలు, అంటే ఛానెళ్లు, వాటికి కూర్చుంటాయి. ముందు తలుపులు కొత్తవి వేస్తే చూసినవాళ్లకు తేడా తెలియదు. ఇబ్బంది ఒకటుంది: పాత రాళ్లు నిలువుగా, సమానంగా ఉండవు. ప్రతి గడినీ ముందూ వెనకా విడిగా కొలవాలి, పట్టీల వల్ల వెడల్పులో రెండు మూడు అంగుళాలు పోతాయి. గట్టు ఎత్తు మీకు నప్పకపోయినా, సింక్ వెనక గోడ చెమ్మ పట్టినా, సింక్, స్టవ్‌ల చోట్లు మారుతున్నా మాత్రం మొత్తం తీయించడమే మేలు.

వాస్తు ప్రకారం స్టవ్ ఒకచోట రావాలి, డిజైనర్ ఇంకోచోట అంటున్నారు. ఎలా?

చాలా ఇళ్లలో పట్టింపు మూడింటి మీదే ఉంటుంది: స్టవ్ ఆగ్నేయం మూల, వండేవాళ్లు తూర్పు ముఖంగా నిలబడటం, నీళ్లు ఈశాన్యం వైపు. తూర్పు గోడ పొడవునా గట్టు వేసి, కుడి చివర స్టవ్, ఎడమ చివర సింక్ పెడితే మూడూ కుదురుతాయి. మధ్యలో కోసుకోవడానికి జాగా కూడా వస్తుంది. ఆ గోడకు కిటికీ ఉన్నప్పుడే చిక్కు. గాలికి మంట కొట్టుకుంటుంది, చిమ్నీ బిగించడానికి గోడ ఉండదు. అప్పుడు స్టవ్‌ను కిటికీ పక్కకు జరపాలి. ఏదైనా ఇంట్లో పెద్దవాళ్లతో ముందే తేల్చుకోండి. గ్రానైట్‌లో హాబ్‌కు (రాతిలోకి దించి బిగించే స్టవ్‌కు) కోత పెట్టాక సిద్ధాంతిగారిని పిలిస్తే రాయి మార్చాల్సిందే.

బడ్జెట్ తక్కువ. దేనికి ఖర్చు పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు?

కింది డ్రాయర్ల ఛానెళ్లు, కబ్జాలు, సింక్ కింది డబ్బా చెక్క, కరెంటు వైరింగ్: వీటిలో తగ్గించొద్దు. తలుపుల మీది ఫినిష్, పై క్యాబినెట్ల సంఖ్య, సజ్జ తలుపులు, లోపలి లైట్లు తగ్గించుకోవచ్చు, తర్వాత కూడా చేయించుకోవచ్చు. గోడలో పోయే వైర్లు, పైపులు తర్వాత చేయించలేరు.

## లేఅవుట్

ఎల్ షేప్, యూ షేప్, ఎదురెదురు గట్లు: ఏది మంచిది?

మీ వంటింటి వెడల్పే తేలుస్తుంది. గట్టు లోతు మామూలుగా రెండడుగులు. గోడ నుంచి గోడకు 8 అడుగులుంటే ఎదురెదురు గట్లు పోను మధ్యలో నాలుగడుగులు మిగులుతాయి, ఇద్దరు హాయిగా తిరగొచ్చు. 7 అడుగులైతే మిగిలేది మూడే. ఒక్కరికి సరే, ఇద్దరైతే మోచేతులు తగులుతాయి. అప్పుడు ఒక గట్టును ఒకటిన్నర అడుగులకు తగ్గించి మిక్సీ, ఓవెన్, డబ్బాలకు వాడుకోవచ్చు. అంతకన్నా ఇరుకైతే ఎల్ షేపే. యూ షేప్‌లో గట్టు ఎక్కువ వస్తుంది గానీ రెండు మూలలూ చెయ్యి అందని చోట్లవుతాయి. వాష్ ఏరియాకు వంటింట్లోంచే తలుపు ఉన్న ఫ్లాట్లలో యూ ఎలాగూ కుదరదు. కుదిరిన చోట నా ఓటు ఎదురెదురు గట్లకే.

స్టవ్, సింక్, ఫ్రిజ్ త్రికోణంలో ఉండాలంటారు. తప్పనిసరా?

అది 1940ల్లో అమెరికాలో పుట్టిన లెక్క. మూడు భుజాలూ కలిపి 13 నుంచి 26 అడుగుల లోపు ఉండాలంటారు. మన ఫ్లాట్లలో ఫ్రిజ్ చాలాసార్లు డైనింగ్ హాల్లో ఉంటుంది, దానికేం టెన్షన్ పడక్కర్లేదు. మనకు అంతకన్నా ముఖ్యమైంది సింక్‌కీ స్టవ్‌కీ మధ్య ఖాళీ గట్టు. కడిగింది అక్కడే కోసి, అక్కడి నుంచే బాణలిలో వేస్తాం. అక్కడ రెండున్నర, మూడడుగులు ఏమీ పెట్టకుండా వదిలేయండి. మిక్సీ చోటు కూడా ఈ లెక్కలో చేర్చుకోండి. చట్నీలు, పొడులు, మసాలా ముద్దలు చేసే ఇంట్లో ఫ్రిజ్ కంటే మిక్సీ దగ్గరికే ఎక్కువసార్లు వెళ్తాం.

గట్టు ఎంత ఎత్తు ఉండాలి?

ఎక్కువగా వండేవాళ్లు నిటారుగా నిలబడి మోచేయి మడవాలి. నేల నుంచి మోచేతి దాకా కొలిచి అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసేస్తే అదే గట్టు ఎత్తు. ఐదడుగులు, ఐదూ రెండు ఉండేవాళ్లకు 32, 33 అంగుళాల దగ్గర తేలుతుంది. కాస్త పొడుగువాళ్లకు 34, 35.

ఇక్కడ రెండు సంగతులు మర్చిపోతుంటారు. మామూలు స్టవ్ గట్టు మీద ఇంకో నాలుగైదు అంగుళాల ఎత్తులో ఉంటుంది. పెద్ద గిన్నెలో గరిటె తిప్పాలంటే భుజం లేపాల్సి వస్తుంది. హాబ్ అయితే రాతికి దాదాపు సమంగా కూర్చుంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. స్టవ్వే ఉంచుకుంటే అది కూర్చునే రెండున్నర అడుగుల గట్టు మాత్రం కాస్త దించి కట్టించుకోవచ్చు. రెండోది, పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ వేయిస్తే నేల అర అంగుళం, ముప్పావు అంగుళం లేస్తుంది. మేస్త్రీకి చెప్పే కొలత కొత్త నేల నుంచి ఉండాలి.

సింక్ ఇంకో గోడకు మార్చొచ్చా?

నీళ్లు తేవడం సులువు, పంపడం కష్టం. మురుగు పైపుకు అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు కావాలి. సింక్ ఎనిమిది అడుగులు జరిగితే పైపు రెండంగుళాలు దిగాలి, ఆ పైపు గట్టు కింద అరల వెనక నుంచే పోవాలి. వాలు చాలకపోతే అన్నం మెతుకులు, నూనె పేరుకుని మూడు నెలలకోసారి ప్లంబర్‌ని పిలవాలి. పైగా చాలా అపార్ట్‌మెంట్లలో మీ వంటింటి పైపులు కింది ఫ్లాట్ పైకప్పుకు వేలాడుతుంటాయి. శ్లాబుకు రంధ్రం పెట్టాలంటే కింది వాళ్లూ, అసోసియేషనూ ఒప్పుకోవాలి. అదే గోడ మీద ఒకటి రెండడుగులు జరపడం మాత్రం మామూలు పనే.

చిమ్నీ గురించి ఎప్పుడు ఆలోచించాలి?

పై క్యాబినెట్లు గీయించక ముందే. పొగ బయటికి వెళ్లే రంధ్రం ఎక్కడుంటే స్టవ్‌ను దానికి దగ్గర్లో పెట్టాలి. 6 అంగుళాల గొట్టం ఎంత పొట్టిగా, ఎన్ని తక్కువ మలుపులతో పోతే అంత బాగా లాగుతుంది. స్టవ్‌కీ చిమ్నీకీ మధ్య 26 నుంచి 30 అంగుళాల ఎడం ఉండాలి. రెండు బర్నర్లకు 60 సెంటీమీటర్లది, మూడు నాలుగు బర్నర్లకు 90ది. గొట్టం కనిపించకుండా పై క్యాబినెట్లోంచి తీసుకెళ్తే ఆ అరలో సగం పోతుందని ముందే తెలుసుకోండి.

ఓపెన్ కిచెన్ పెట్టించుకోవాలని ఉంది. మన వంటకు పనికొస్తుందా?

రోజూ తాళింపు పెట్టే ఇంట్లో ఎండుమిర్చి ఘాటు హాల్లోకి రాకుండా ఆపగల చిమ్నీ లేదు. చేపలు వేయించే ఇంట్లో అయితే సోఫా కవర్లకూ వాసన పడుతుంది. గోడ మొత్తం తీయకుండా గట్టు పైన మాత్రం తెరిచి, జరిపే గాజు తలుపు పెట్టించుకుంటే వెలుతురూ మాటలూ వస్తాయి, పోపు వేళకు మూసుకోవచ్చు. ఆ గోడలో పిల్లరో బీమో ఉందేమో ఇంజనీర్‌కి చూపించకుండా ముట్టుకోవద్దు.

అత్తయ్యగారు కింద కూర్చుని కత్తిపీటతోనే కూరలు తరుగుతారు. దానికి ఏమైనా ఏర్పాటు చేయొచ్చా?

నడిచే దారికి అడ్డం రాని మూలలో మూడడుగుల చదరం ఖాళీగా వదలండి. కిటికీ వెలుగు పడేచోటైతే ఇంకా మంచిది. కత్తిపీట, కొబ్బరి కోరాము పెట్టుకోవడానికి అక్కడికి దగ్గర్లో కింది డ్రాయర్ ఒకటి కేటాయించండి, పిల్లలున్న ఇంట్లో దానికి తాళం ఉండాలి. అక్కడి నేలకు నున్నటి టైల్ వద్దు, లేచేటప్పుడు కాలు జారుతుంది.

గ్యాస్ సిలిండర్ ఎక్కడ పెట్టాలి?

కుదిరితే వాష్ ఏరియాలో పెట్టి, గోడ వెంట రాగి పైపు వేయించుకోండి. వంటింట్లోనే అయితే సిలిండర్ నిలువుగా, స్టవ్ కంటే కిందుగా ఉండాలి. ఎల్పీజీ గాలి కంటే బరువైంది, లీకైతే నేల వెంట పాకుతుంది. అందుకే ఆ అర తలుపుకు కింది భాగంలో తప్పకుండా చిల్లులు ఉండాలి, పైన కూడా ఉంటే మంచిది. ఆ అరకు అడుగు పలక వద్దు. 14.2 కేజీల గ్యాస్ పట్టే సిలిండర్ నిండుగా ఉంటే మొత్తం 30 కేజీల దాకా తూగుతుంది, ఎత్తి పెట్టే పని లేకుండా నేల మీదే దొర్లించేలా ఉండాలి. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల పైపు గ్యాస్ ఉన్నవాళ్లకు లెక్క తిరగబడుతుంది. అది గాలి కంటే తేలిక, కాబట్టి గాలి పోయే దారి పైన ఉండాలి.

ప్లగ్ పాయింట్లు ఎన్ని పెట్టించాలి?

మిక్సీ, గ్రైండర్, ఇండక్షన్, ఓవెన్, ఆర్‌ఓ, చిమ్నీ, హాబ్, ఫ్రిజ్, డిష్‌వాషర్: మీకున్నవీ, రాబోయేవీ లెక్కపెట్టి ఇంకో రెండు కలపండి. 2000 వాట్ల ఇండక్షన్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికీ, ఓవెన్‌కీ, డిష్‌వాషర్‌కీ విడివిడి లైన్ల మీద 16 ఆంపియర్ల పాయింట్లు కావాలి. స్టవ్ వెనకాల, సింక్ వెనకాల ఏ పాయింటూ పెట్టించొద్దు. డిష్‌వాషర్ ఇప్పుడు కొనకపోయినా సింక్ పక్కన రెండడుగుల గడి, నీళ్ల పాయింట్, మురుగు పాయింట్ వదిలిపెట్టుకుంటే రేపు గోడ పగలగొట్టక్కర్లేదు.

## స్టోరేజ్

గట్టు కింద డ్రాయర్లా, తలుపులున్న అరలా?

డ్రాయర్లే. రెండడుగుల లోతు అరలో వెనకున్న గిన్నె తీయాలంటే మోకాళ్ల మీద కూర్చుని ముందున్నవన్నీ బయట పెట్టాలి. డ్రాయర్ అయితే పైనుంచి చూస్తే అన్నీ కనిపిస్తాయి. కాకపోతే అన్నీ ఒకే ఎత్తు డ్రాయర్లు వద్దు. పైది 4, 5 అంగుళాలు (గరిటెలు, చెంచాలు), మధ్యది 7, 8 (ప్లేట్లు, చిన్న గిన్నెలు), అడుగుది 12 అంగుళాల పైన (కుక్కర్లు, బాణలీలు). వెడల్పు మూడడుగులు దాటిస్తే నిండుగా ఉన్నప్పుడు లాగడం బరువు. ఛానెల్ ఎన్ని కేజీలు మోస్తుందో కోటేషన్‌లో రాయించండి, గిన్నెల డ్రాయర్‌కు 40 కేజీలు తగ్గకూడదు. సింక్ కింద మాత్రం తలుపులే పెట్టించండి, పైపులకు ఎప్పుడు చెయ్యి పెట్టాల్సి వస్తుందో తెలియదు.

బియ్యం బస్తాకు చోటెక్కడ?

2022 జులైలో 25 కేజీల వరకు ప్యాకెట్ల మీద జీఎస్టీ వచ్చాక మన దగ్గర బస్తా 26 కేజీలైంది. అవి పట్టాలంటే 35 లీటర్ల డబ్బా కావాలి. బటన్ నొక్కితే సోలెడు బియ్యం పడే డిస్పెన్సర్లు ముచ్చటగా ఉంటాయి గానీ చాలావాటిలో బస్తా మొత్తం పట్టదు, అడుగు మూలల్లో మిగిలిన పాత బియ్యానికి పురుగు పట్టి కొత్తవాటికి అంటుకుంటుంది. నేను చెప్పేది, కింద చక్రాలున్న మామూలు స్టీలు డబ్బా, దానికి అడుగు పలక లేని గడి. బయటికి లాగి కడగొచ్చు, ఎండలో పెట్టొచ్చు. సింక్‌కు ఆనుకున్న గడి మాత్రం ఇవ్వకండి, చెమ్మ పడుతుంది.

మూల అరలో తిరిగే ట్రేలు, మ్యాజిక్ కార్నర్ (లాగితే బయటికొచ్చే బుట్టలు) పెట్టించాలా?

వాటి ఖరీదుతో రెండు మంచి డ్రాయర్లు వస్తాయి. గుండ్రటి ట్రేలో మూల జాగా సగమే వాడకంలోకి వస్తుంది, పైగా చిన్న డబ్బాలు జారి వెనక పడితే ట్రే బిగుసుకుంటుంది. ఏడాదికోసారి తీసే పెద్ద గుండిగలు, వత్తుల స్టవ్ లాంటివి ఆ మూలలోకి తోసి మామూలు తలుపు పెట్టించుకోండి.

పై క్యాబినెట్లు, సజ్జ: సీలింగ్ దాకా అన్నీ మూయించాలా?

గట్టు మీద నుంచి 20, 22 అంగుళాలు వదిలి పై క్యాబినెట్లు మొదలవ్వాలి, లోతు ఒక అడుగు చాలు. స్టూలు లేకుండా చెయ్యి అందేది నేల నుంచి ఆరడుగుల దాకానే. దాని పైనున్నదంతా నిజానికి సామాను గదే. అక్కడ మూతపెట్టి దుమ్ము దాయడం కన్నా, ఉన్న సజ్జకు తేలికైన తలుపులు వేసి పండగ గిన్నెలు పెట్టుకుంటే సరిపోతుంది. ఇత్తడి బిందెలు, గ్రైండర్ రాళ్లు పైకి ఎక్కించొద్దు, దించేవాళ్ల నడుము గురించి ఆలోచించండి.

మిక్సీ, గ్రైండర్ లోపల పెట్టాలా, గట్టు మీదా?

మిక్సీ గట్టు మీదే. తీసి పెట్టుకోవాల్సిన మిక్సీని వాడాలంటే బద్ధకిస్తాం. టేబుల్ టాప్ గ్రైండర్ బరువైంది, వారానికి రెండు మూడుసార్లు వాడతాం. ప్లగ్ దగ్గర్లో, నడుము ఎత్తులో, నీళ్లు పోసి కడిగే వీలున్న చోట ఉండాలి. వాష్ ఏరియాలో చిన్న రాతి బల్ల వేయించుకుంటే పిండి చిందినా ఫర్వాలేదు. గ్రైండర్‌ను డ్రాయర్ మీద బిగించి లాగి ఆడించే ఏర్పాటు చేస్తామంటే ఒప్పుకోకండి, అదురుకు ఛానెళ్లు పాడవుతాయి.

పోపుల డబ్బా, పొడులు, పచ్చళ్లు ఎక్కడ?

పోపుల డబ్బాకు స్టవ్ పక్క పై డ్రాయర్. స్టవ్ నెత్తిన ఉన్న అరలో పొడులు పెడితే వేడికీ ఆవిరికీ గడ్డ కట్టి రంగు మారతాయి. నూనె సీసాల కోసం పెట్టే 6, 8 అంగుళాల సన్నటి పుల్ అవుట్ (బయటికి లాగే అర) లీటరు సీసాలకు బాగానే ఉంటుంది, 5 లీటర్ల క్యాన్ పట్టదు. ఆవకాయ జాడీలకు చీకటిగా, పొడిగా ఉండే అడుగు అర కావాలి, అడుగు పలక మందంగా ఉండాలి. ఏడాది పచ్చడి అక్కడ పెట్టి, వారానికి సరిపడా చిన్న జాడీలోకి తీసుకుంటే తడి చేతుల బెడద ఉండదు.

టాల్ యూనిట్ (నిలువెత్తు అలమారా) ఉపయోగమా, దండగా?

నెల సరుకులు ఒకేసారి తెచ్చేవాళ్లకు ఉపయోగం. రెండడుగుల లోతు అరల కన్నా ఒక అడుగు లోతువి మేలు, ఒక వరుస డబ్బాలే పడతాయి కాబట్టి ఏ పప్పు అయిపోయిందో కనిపిస్తుంది. గట్టు మధ్యలో కాకుండా చివర, ఫ్రిజ్ పక్కన పెట్టించండి.

## మెటీరియల్, కోటేషన్

ప్లైవుడ్, ఎండీఎఫ్, డబ్ల్యూపీసీ: ఏది తీసుకోవాలి?

సింక్ కింద, వాష్ ఏరియా గోడకు ఆనుకున్న చోట ఐఎస్ 710 (భారత ప్రమాణం నంబర్) గుర్తున్న ప్లైవుడ్ వాడండి, అది మరిగే నీళ్ల పరీక్ష తట్టుకున్న రకం. మిగతా కింది డబ్బాలకు ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకు కొంత తట్టుకునే) రకం సరిపోతుంది. అదే ఐఎస్ 303లో ఎంఆర్ (చెమ్మకు మాత్రమే తట్టుకునే) రకం కూడా ఉంది, అది వంటింటికి వద్దు. అందుకే నంబర్ ఒక్కటే చూసి ఊరుకోకండి. చెక్క పొడి, ముక్కలు అతికించి చేసే మామూలు ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఒకసారి నీళ్లు పీల్చాయంటే ఉబ్బుతాయి. నీళ్లు పోసి నేల కడిగే అలవాటున్న ఇంట్లో డబ్బాలను ప్లాస్టిక్ కాళ్ల మీద నాలుగంగుళాలు లేపాలి. చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీకి చెద, నీళ్ల భయం లేదు గానీ బరువుకు కాలక్రమంలో వంగుతుంది, స్క్రూల పట్టు కూడా ప్లైవుడ్ కన్నా తక్కువ.

స్టీలు బుట్టలు తుప్పు పడతాయా? అయస్కాంతంతో తెలుసుకోవచ్చా?

304 రకం త్వరగా పట్టదు, 202 తడి తగిలేచోట పడుతుంది. రెండూ అయస్కాంతానికి అంతగా అంటుకోవు కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు. బిల్లులో రకం రాయించుకోవడమే దారి.

గట్టుకు గ్రానైటా, క్వార్ట్జా?

పసుపు, నూనె, వేడి కుక్కర్ మూడూ రోజూ తగిలే గట్టుకు ముదురు రంగు గ్రానైటే. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి దేశదేశాలకు వెళ్లే బంగారు చుక్కల నల్ల రాయి మన పక్కనే దొరుకుతుంటే తెల్ల క్వార్ట్జ్ మీద పసుపు మరకలు తుడుస్తూ కూర్చోవడం ఎందుకు? క్వార్ట్జ్‌లో రాతి పొడితో పాటు రెసిన్ అనే జిగురు ఉంటుంది, మరీ వేడి గిన్నె పెడితే మచ్చ పడుతుంది. గోడ టైల్స్ సందుల్లో సిమెంటు బదులు ఎపాక్సీ అనే గట్టి జిగురు ముద్ద నింపించండి, నూనె జిడ్డు పీల్చదు.

కోటేషన్లు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి. ఎలా చూడాలి?

ఒకరు రన్నింగ్ ఫుట్ (పొడవులో అడుగుకింత) లెక్క, ఒకరు చదరపు అడుగు లెక్క, ఇంకొకరు డబ్బాకింత అంటారు. అందరికీ ఒకే డ్రాయింగ్ ఇచ్చి మొత్తం ధర అడగండి. డ్రాయర్లు ఎన్ని, ఛానెళ్లు ఏ రకం, డబ్బా వెనక పలక మందం ఎంత, గ్రానైట్ కోతలు, ప్లంబింగ్, పాత సామాను బయట పారబోయడం ఇందులో ఉన్నాయా, లేవా అన్నది విడిగా రాయించండి. తక్కువగా కనిపించే కోటేషన్‌లో తరచుగా డ్రాయర్ల స్థానంలో ఖాళీ అరలు ఉంటాయి.

## పని జరిగేటప్పుడు

ఏ పని తర్వాత ఏది?

పగలగొట్టడం, పైపులు, వైర్లు, టైల్స్, గట్టు, ఆ తర్వాతే డబ్బాల తుది కొలతలు. టైల్స్ పడకముందు తీసిన కొలతలతో ఫ్యాక్టరీకి ఆర్డర్ పెట్టనివ్వకండి. గోడలు మూసే ముందు టేపు కనిపించేలా పైపుల, వైర్ల ఫొటోలు తీసి పెట్టుకోండి, రేపు ఇంకెవరో డ్రిల్లు పట్టుకుని వచ్చినప్పుడు అవే దిక్కు. వంట అన్నాళ్లూ ఇండక్షన్ మీద హాల్లోనో బాల్కనీలోనో సర్దుకోవాల్సిందే.

చివరి డబ్బులిచ్చే ముందు ఏం చూసుకోవాలి?

సింక్ అంచు దాకా నింపి ఒక్కసారిగా వదిలి, కింద పైపు జాయింట్ల దగ్గర పొడి కాగితం పెట్టి చూడండి. అడుగు డ్రాయర్లో మీ కుక్కర్లన్నీ నిజంగా సర్ది లాగి చూడండి. ఎదురెదురు తలుపులు ఒకేసారి తెరిస్తే గుద్దుకుంటున్నాయా, ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి. పైపులు గోడలోకి పోయేచోట సందులు మూశారో లేదో చూడండి, బొద్దింకలు వచ్చేది అక్కడి నుంచే. గ్యాస్ జాయింట్ల మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో గమనించండి. లామినేట్ నంబర్, మిగిలిన రెండు మూడు టైల్స్, ఛానెళ్ల వారంటీ కార్డు అడిగి తీసుకోండి.